తెచ్చుకున్న నాలుగో రోజే కుక్కపిల్లకు వాంతులు, రక్తవిరేచనాలు: పార్వోనా, పురుగులా, పాలు పడకనా?

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాకర్థమైనంతవరకు విషయం ఇదీ. పోయిన ఆదివారం బుగ్గవంక వంతెన దగ్గర తడుస్తూ కనిపించిన ఆడ కుక్కపిల్లను ఇంటికి తెచ్చుకున్నారు. రెండు నెలలుండొచ్చు. పొట్ట ఉబ్బుగా ఉంది, చెవుల్లో పిడుదులుంటే ఏరేశారు. మూడు రోజులు పాలూ అన్నం తిని బాగానే ఆడుకుంది. నాలుగో రోజు తిండి ముట్టలేదు, సాయంత్రం నుంచి నురగ వాంతులు. నిన్న రాత్రి నుంచి ముదురెరుపు నీళ్ల విరేచనాలు, ఇల్లంతా వాసన. చిగుళ్లు తెల్లబడ్డాయి. పక్కింటాయన పార్వో అన్నారు, మీ నాయన కడుపులో పురుగులన్నారు, మీ అవ్వ పాలు పడలేదన్నారు. ఎవరి మాట నిజమని అడిగారు.

కడప చుట్టుపక్కల ఇరవై నాలుగేళ్లుగా పశువైద్యం చేస్తున్నాను. ఇలాంటి పిల్లలు వానలు మొదలయ్యాక వారానికి మూడు నాలుగు వస్తాయి. కాబట్టి సూటిగా చెప్తాను. మొదట అనుమానించాల్సింది పార్వోనే, అంటే కుక్కపిల్లల పేగుల మీద పడే వైరస్ జబ్బు. దాంతోపాటు పేగులో రక్తం తాగే కొంకిపురుగులు కూడా ఉండే అవకాశం బాగా ఎక్కువ. పక్కింటాయన మాటా, మీ నాయన మాటా రెండూ ఒకేసారి నిజం కావొచ్చు. మూడో అనుమానం పిడుదుల వల్ల వచ్చే జ్వరం. పాల వల్ల విరేచనం పలచబడుతుందే గానీ రక్తం పడదు, చిగుళ్లు తెల్లబడవు. మీ అవ్వ గమనించింది తప్పేం కాదు, ఆవుపాలు చాలా పిల్లలకు అరగవు, అవి ఆపేయండి. కానీ ఈ జబ్బు పాలది కాదు.

ఇందులో ఏది ఎంత ఉందో రాత చూసి తేల్చలేను, ఎవరూ తేల్చలేరు. ఆసుపత్రిలో చేసే మూడు చిన్న పరీక్షలున్నాయి, మూడూ కలిపి గంట పని. వాటి గురించి కింద రాస్తాను. ముందు మీరు బయల్దేరే ఏర్పాట్లు చూసుకోండి, ఎందుకంటే రెండు నెలల పిల్ల ఒక రాత్రిలోనే చేయి దాటిపోతుంది.

బయల్దేరేలోపు చేయాల్సింది. పిల్ల చెవులు, పాదాలు ముట్టుకుని చూడండి. చల్లగా ఉంటే ముందు ఒళ్లు వెచ్చబరచాలి. సీసాలో వేడినీళ్లు పోసి, పాత చీరగుడ్డ రెండు మడతలు చుట్టి, ఒంటి పక్కన పెట్టండి. వేడినీళ్ల సీసా నేరుగా తగిలితే చర్మం కాలుతుంది. తేనె గానీ, చక్కెర చిక్కగా కలిపిన నీళ్లు గానీ వేలికి అద్దుకుని చిగుళ్ల మీద రాయండి. తిండి లేక వాంతులైన పిల్లకు రక్తంలో చక్కెర పడిపోతుంది. తూలడం, ఫిట్స్ రావడం చాలాసార్లు అందువల్లే. అంతకుమించి నోట్లో ఏమీ పోయకండి. పడుకున్న పిల్ల నోరు తెరిచి ఓఆర్ఎస్, మజ్జిగ, గంజి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పార్వో తగ్గి, పోసిన గంజి వల్ల వచ్చిన న్యుమోనియాతో పోయిన పిల్లల్ని చూశాను.

మందుల షాపులో ఇచ్చిన మాత్ర వేశామని రాశారు, పేరు రాయలేదు. ఆ రేకు తప్పకుండా వెంట తీసుకెళ్లండి. మనుషుల జ్వరం మాత్రలు, నొప్పి మాత్రలు, ముఖ్యంగా డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నిమెసులైడ్ లాంటివి, కుక్కల పేగుల్లో పుండ్లు పెట్టి రక్తం పడేలా చేస్తాయి, మూత్రపిండాల్ని దెబ్బతీస్తాయి. అదే అయ్యుంటే చికిత్స కొంత మారుతుంది. విరేచనాలు కట్టే మాత్రలు కూడా వద్దు. లోపలి విషం బయటికి పోవాలి.

ఇప్పుడు జబ్బు ఎలా పసిగట్టాలో చెప్తాను. పిల్లను టేబుల్ మీద పెట్టగానే నేను పొట్ట చూడను, పెదవి పైకెత్తి చిగురు చూస్తాను. మీరూ చూడొచ్చు. కిటికీ దగ్గర వెలుతురులో పైపెదవి ఎత్తి, కోరపన్ను పైన చిగురు మీద వేలితో నొక్కి వదలండి. నొక్కిన చోట తెల్లబడి, రెండు సెకన్లలోపే మళ్లీ గులాబి రంగు రావాలి. అంతకంటే ఆలస్యమైతే రక్తప్రసరణ మందగించింది. తర్వాత అదే వేలిని చిగురు మీద జరపండి. జిగటగా, అంటుకున్నట్టుంటే ఒంట్లో నీళ్లు పోయాయి. తెల్లగా ఉండి కూడా తడిగా, నున్నగా జారుతుంటే నీళ్లకంటే రక్తమే ఎక్కువ పోయింది, అంటే పురుగులో, పిడుదులో. పసుపు రంగు ఉంటే రక్తకణాలు పగులుతున్నాయి, లేదా కాలేయం దెబ్బతింది. ఇటుక ఎరుపు ఉంటే ఒళ్లంతా విషం పాకుతోంది. మన ఎండాకాలంలో రేకుల షెడ్డులో కట్టేసిన పిల్లలకు వడదెబ్బ తగిలినా ఇదే రంగు. మీది తెలుపు అన్నారు గానీ జిగటో, జారుడో రాయలేదు.

రెండోది ఉష్ణోగ్రత. మామూలు డిజిటల్ థర్మామీటర్ చాలు, కొసకు కొబ్బరినూనె రాసి ఆసనంలో పెట్టాలి. కుక్కకు 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ వరకు మామూలు. మనిషి లెక్కన చూసి జ్వరమనుకుని భయపడేవాళ్లున్నారు. 104 దాటితే ఇన్‌ఫెక్షన్ అనుమానించాలి. 99 కంటే కిందికి దిగితే నాకు జ్వరం కంటే ఎక్కువ భయం.

మూడోది రోజుల లెక్క. తెచ్చుకున్నవాళ్లలో చాలామంది అడిగేది "మా ఇంట్లో ఏం తప్పు జరిగింది డాక్టరుగారూ" అని. చాలావరకు తప్పేం జరగదు, జబ్బు పిల్లతోనే వస్తుంది. పార్వో వైరస్ ఒంట్లోకి వెళ్లాక లక్షణాలు బయటపడటానికి సాధారణంగా మూడు నుంచి ఏడు రోజులు, ఒక్కోసారి రెండు వారాల దాకా పడుతుంది. మీ పిల్ల నాలుగో రోజు పడకేసింది. అంటే వంతెన దగ్గరే, మీరు ఎత్తుకోకముందే, అంటుకుని ఉండటానికి అవకాశం ఎక్కువ. తెచ్చిన రోజో మరునాడో కుప్పకూలితే ఆకలి, చలి, పురుగుల భారం, దెబ్బలు, ఎక్కడో తిన్న విషం గురించి ఆలోచిస్తాను. రెండు మూడు వారాల తర్వాత మొదలైతే డిస్టెంపర్ అనే మరో వైరస్ జబ్బు, పిడుదుల జ్వరం వైపు చూస్తాను. తెచ్చాక మీరు చేసిన పనులు కూడా ఈ లెక్కలో వేయాలి. స్నానం చేయించారా, పిడుదుల మందు పోశారా, నట్టల మందు వేశారా, ఏ రోజు?

ఈ పిడుదుల మందు సంగతి కాస్త ఆగి చెప్పాలి. మైదుకూరు వైపు నుంచి ఒక రైతు కుక్కపిల్లను తెచ్చాడు. ఒళ్లంతా వణుకు, నోట్లోంచి చొంగ, నిలబడలేకపోతోంది. ఆయన పార్వో అనే అనుకున్నాడు. దగ్గరికి తీసుకుంటే వెంట్రుకల్లోంచి ఘాటు వాసన. గేదెలకు వాడే పిడుదుల మందు మూతతో కొలిచి, నీళ్లు తక్కువ కలిపి, ఒళ్లంతా పూశాడట. గోరువెచ్చని నీళ్లు, సబ్బుతో రెండుసార్లు కడిగి, వణుకు తగ్గే ఇంజెక్షన్ ఇచ్చి, సెలైన్ పెడితే మరునాటికి లేచింది. శనక్కాయ చేలలో, చీనీ తోటల్లో తిరిగే కుక్కపిల్లలు పురుగుల మందు డబ్బాలు నాకినా ఇలాగే వస్తాయి. కంటిపాప సూదిమొనంత అయి, చొంగ, కన్నీళ్లు, విరేచనం, కండరాల అదురు కలిసి కనిపిస్తే విషం అనుకోవాల్సిందే.

మళ్లీ మీ పిల్ల దగ్గరికి వద్దాం. పార్వో విరేచనానికి ఒక తీరుంది. మొదట పసుపుగా పలచబడుతుంది, పన్నెండు గంటలు తిరిగేసరికి ఎర్రటి నీళ్లు, అందులో పేగు లోపలి పొర తునకలు. వాసన తుప్పు, కుళ్లిన మాంసం కలిసినట్టు. ఒకసారి చూసినవాళ్లు మర్చిపోరు. ఈ వైరస్ వేగంగా పెరిగే కణాల మీద పడుతుంది, అంటే పేగు పొర మీద, ఎముక మజ్జ మీద. పేగు గోడ తెగి లోపలి బాక్టీరియా రక్తంలోకి పోతుంది. దాన్ని అడ్డుకోవాల్సిన తెల్లకణాలు అదే సమయానికి పడిపోతాయి. పిల్లలు పోయేది నీళ్లు పోవడం వల్ల, ఈ విషం వల్ల.

కొంకిపురుగుల విరేచనం వేరు. తారులాగా నల్లగా, జిగటగా ఉంటుంది. ఆ పురుగులు పేగు గోడను కొరికి పట్టుకుని రక్తం తాగుతాయి, ఆ రక్తం కిందికి వచ్చేసరికి అరిగి నల్లబడుతుంది. తల్లి పాల నుంచే పిల్లకు వస్తాయి. పులివెందుల వైపు ఒక చీనీ తోట కాపలాదారు మూడు వారాల పిల్లలు నాలుగింటిని గోతంలో వేసుకుని తెచ్చాడు. నాలుగింటి చిగుళ్లూ సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. విరేచనం మైక్రోస్కోప్ కింద పెడితే ఒక్క గుడ్డు కనబడలేదు. అప్పటికి నేను ఈ వృత్తిలో కొత్త. గుడ్లు లేవు కాబట్టి పురుగులు కావనుకున్నాను. పాలలో వచ్చిన పురుగు పెరిగి గుడ్లు పెట్టడానికి రెండు మూడు వారాలు పడుతుంది, ఆలోపే రక్తం తాగేస్తుంది అన్న సంగతి చదివే ఉన్నాను, కానీ ఆ సమయానికి గుర్తు రాలేదు. సాయంత్రానికి రెండు పోయాయి. మూడోది తెల్లారి పోయింది. నాలుగో దానికి మా వీధి పెద్ద కుక్క రక్తం ఎక్కించి, నట్టల మందు వేస్తే బతికింది. కుక్కలకు మొదటిసారి రక్తం ఎక్కించేటప్పుడు తీవ్రమైన తేడా రావడం అరుదు, అందుకే ధైర్యం చేశాం. అప్పట్నుంచి తెల్ల చిగుళ్లున్న చిన్నపిల్లకు గుడ్లు కనపడినా కనపడకపోయినా నట్టల మందు ఆపను. మీ పిల్ల పొట్ట ఉబ్బుగా ఉందన్నారు, అది ఎక్కువగా ఏలికపాములది. పెద్ద ముద్దగా చేరితే పేగుకే అడ్డం పడతాయి. అయితే ఇంత నీరసంలో, వాంతుల మీద మీరే నట్టల మందు పోయకండి, సెలైన్ పడ్డాక డాక్టరు వేస్తారు.

పిడుదుల జ్వరం గురించి: మన ఊళ్లలో కుక్కల మీద గోధుమరంగు పిడుదులుంటాయి. ఇవి కుక్కను వదిలి గోడ సందుల్లో, నాపరాళ్ల అతుకుల్లో, గోతాల కింద దాక్కుని గుడ్లు పెడతాయి. కడప బండలు పరిచిన పాత ఇళ్లలో ఆ సందుల్లోకి టార్చి వేసి చూడండి, గింజల్లా కనబడతాయి. బబీసియా, ఎర్లీకియా అనే క్రిములు వీటి కాటుతోనే ఎక్కుతాయి. బబీసియాలో ఎర్రకణాలు పగిలి మూత్రం డికాక్షన్ రంగులో వస్తుంది. ఎర్లీకియాలో జ్వరం, ముక్కులోంచి రక్తం, పొట్ట చర్మం మీద ఎర్రటి చుక్కలు. దీనికి చెవి అంచున సూదితో గుచ్చి తీసిన ఒక్క రక్తపు చుక్క చాలు. గాజు పలక మీద పలచగా లాగి, రంగువేసి చూస్తే ఎర్రకణం లోపల బబీసియా రెండు రేగి గింజలు ఎదురెదురుగా పెట్టినట్టు కనబడుతుంది. ఒక్కసారి కనపడనంత మాత్రాన లేదని కాదు, అప్పుడు పూర్తి రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు చూడాలి.

డిస్టెంపర్ అయితే కళ్ల పుసి, చీమిడి, దగ్గు, పొట్ట మీద చీముపొక్కులు ముందు వస్తాయి, తర్వాత దవడ నములుతున్నట్టు ఫిట్స్. మీరు రాసినదాంట్లో అవేవీ లేవు.

ఇక మీరడగని మాట ఒకటి, కానీ ఇది రాయకుండా ఉండలేను. వీధి పిల్ల ఏ జబ్బుతో వచ్చినా రేబిస్ ఒక్కసారి మనసులో పెట్టుకునే ముట్టుకోవాలి. సర్వీసులో మొదటి రోజుల్లో ఒక ఇంటివాళ్లు మూడు నెలల పిల్లను తెచ్చారు. గొంతులో ఎముక ఇరుక్కుందన్నారు. దవడ వేలాడుతోంది, చొంగ కారుతోంది, నీళ్లు మింగలేకపోతోంది. నేను చేతికి తొడుగు లేకుండా గొంతులో వేళ్లు పెట్టి వెతికాను. ఎముక లేదు. ఆ ఇంటి పిల్లలిద్దరూ ముందురోజు దానికి వేళ్లతో అన్నం తినిపించారు. మూడో రోజు కుక్కపిల్ల పోయింది, మెదడు పరీక్షలో రేబిస్ అని తేలింది. మేమంతా టీకాలు వేయించుకున్నాం, అందరం బాగున్నాం. ఆ పిల్లల తల్లి ముఖం నాకింకా గుర్తుంది.

మీ పిల్ల లక్షణాలు రేబిస్‌వి కావు. అయినా ఇంట్లో ఎవరినైనా అది కొరికిందా, గీరిందా, పుండు మీద నాకిందా అడగండి. వాంతులైనప్పుడు నోరు తుడిచిన చేతికి గాయముందా చూడండి. ఉంటే సబ్బు పెట్టి పదిహేను నిమిషాలు పారే నీళ్లలో కడిగి, ఈరోజే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. చర్మంలోకి వేసే పద్ధతిలో అయితే 0, 3, 7, 28 రోజుల్లో, కండకు వేస్తే 0, 3, 7, 14, 28 రోజుల్లో టీకాలు వేస్తారు. రక్తం వచ్చిన గాయమైతే, లేదా పుండు మీద చొంగ పడితే, గాయం దగ్గరే ఇచ్చే సీరం కూడా కావాలని అడగండి. చిన్న కుక్కపిల్ల కదా ఏం కాదులే అనుకోవద్దు.

ఆసుపత్రిలో అడగాల్సిన మూడు పరీక్షలు: విరేచనం మీద పార్వో స్ట్రిప్, విరేచనంలో పురుగుల గుడ్లు, రక్తంలో కణాల సంఖ్యతోపాటు పైన చెప్పిన గాజు పలక పరీక్ష. మొదటిది పాజిటివ్ వచ్చిందని మిగతా రెండూ ఆపొద్దు. నేను ఎక్కువసార్లు చూసే పొరపాటు ఇదే. పార్వో దొరికింది, పార్వోకే వైద్యం చేశారు, ఐదో రోజు వాంతులు తగ్గాయి, పిల్ల మాత్రం లేవలేదు, ఎందుకంటే లోపల కొంకిపురుగులు రక్తం తాగుతూనే ఉన్నాయి. స్ట్రిప్ నెగటివ్ వచ్చినా పార్వో లేదని కొట్టేయలేం. మరీ మొదట్లోనూ, రోజులు గడిచాకా వైరస్ తక్కువగా పడి గీత రాకపోవచ్చు. వారం పదిరోజుల్లోపు టీకా వేయించి ఉంటే జబ్బు లేకుండా కూడా లేత గీత రావొచ్చు.

డాక్టరు పొట్ట నొక్కి చూడటం కూడా పరీక్షే. ఒక పిల్లకు వాసనను బట్టి పార్వో అని రెండు రోజులు సెలైన్లు పెట్టాను. స్ట్రిప్ నెగటివ్ వస్తే ఆలస్యంగా చేశామని సరిపెట్టుకున్నాను. మూడో రోజు పొట్ట పట్టుకుంటే చేతికి చిన్న అరటికాయలా గట్టిగా తగిలింది. పేగులోకి పేగు చొచ్చుకుపోయింది. ఆపరేషన్ చేసేసరికి ఆ ముక్క నల్లబడి ఉంది, పిల్ల దక్కలేదు. మొదటిరోజే సరిగ్గా నొక్కి ఉంటే దొరికేదేమో. పార్వో వల్లా, పురుగుల వల్లా కూడా ఇలా జరుగుతుంది కాబట్టి వైద్యం నడుస్తున్నా రోజూ పొట్ట చూడమని అడగండి.

కడపలో రక్తపరీక్షకు వీలు దొరక్కపోతే, లేదా రక్తం ఎక్కించాల్సి వస్తే, ప్రొద్దుటూరు పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. కానీ ముందు ఇక్కడ నరానికి సెలైన్ ఎక్కించాకే అంత దూరం తీసుకెళ్లండి. ఇంత నీరసించిన పిల్లకు చర్మం కింద ఎక్కించే సెలైన్ పీల్చుకోదు.

పార్వో తేలితే వైరస్‌ను చంపే మాత్ర లేదు. సెలైన్, పొటాషియం, గ్లూకోజ్, వాంతులు ఆపే ఇంజెక్షన్, బాక్టీరియా కోసం యాంటీబయాటిక్, వెచ్చదనం, వాంతులు ఆగగానే కొద్దికొద్దిగా తిండి. వీటితో పిల్లను నాలుగైదు రోజులు నిలబెడితే దాని ఒళ్లే గెలుస్తుంది. వైద్యం అందక ఇంట్లో ఉన్నవాటిలో ఎక్కువ పోతాయి, రోజూ సెలైన్ పడ్డవాటిలో ఎక్కువ బతుకుతాయి. తెల్లకణాలు మూడో నాలుగో రోజు పెరగడం మొదలైతే నేను ఊపిరి పీల్చుకుంటాను.

ఇంట్లో: పార్వో మనుషులకు అంటదు. పురుగుల లార్వా మాత్రం చర్మంలోంచి ఎక్కుతుంది, చిన్నపిల్లల్ని ఆ విరేచనం పడిన మట్టిలో వట్టికాళ్లతో తిరగనివ్వొద్దు. ఫినాయిల్‌తో పార్వో చావదు. ముందు మురికి కడిగి, తర్వాత ఐదు శాతం బ్లీచ్ ద్రావణం ఒక వంతుకు ముప్పై వంతుల నీళ్లు కలిపి, పది నిమిషాలు తడిగా ఉండేలా పోయండి. మట్టినేల అయితే నెలల తరబడి వైరస్ బతికే ఉంటుంది. ఆ ఇంటికి టీకాలు పూర్తికాని పిల్లను ఏడాది దాకా తేకపోవడం మంచిది. మీ పిల్లకు ఇప్పుడు టీకా వేయమని ఎవరైనా అంటే వద్దనండి, కోలుకున్నాకే వేయించాలి.

వెంట తీసుకెళ్లాల్సినవి: చిన్న శుభ్రమైన సీసాలో తాజా విరేచనం, వాంతి ఫోటో, ఆ మాత్ర రేకు, ఏ రోజు ఏం తిన్నదో ఏం జరిగిందో రాసిన కాగితం. నీళ్ల సీసా మధ్యలో చల్లబడుతుంది, ఫ్లాస్కులో వేడినీళ్లు పెట్టుకోండి. పరీక్షల ఫలితాలు వచ్చాక ఎంత రాత్రయినా ఇక్కడ రాయండి, చూస్తాను. రాసేటప్పుడు ముందు చిగురు జిగటగా ఉందో, జారుతోందో రాయండి.